పెట్టె మీద మోజిటో, పెట్టెలో షేకర్

ఈ కాక్‌టెయిల్ సెట్టు అట్టపెట్టె మీద ఒక పొడవాటి గాజు గ్లాసు బొమ్మ ఉంది. అడుగున నిమ్మచెక్కలు, గ్లాసు నిండా ఐసు, పైన గుత్తిగా పుదీనా. చూడగానే రమ్ము, నిమ్మరసం, పుదీనా, సోడా కలిపే మోజిటో అని తెలిసిపోతుంది. పెట్టె తెరిస్తే అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించుకుని కూర్చున్నది, మూత బిగించి ఊపి పానీయం కలిపే స్టీలు షేకర్. ఈ రెండింటికీ పొత్తు కుదరదని తయారుచేసినవారికి ఎవరూ చెప్పలేదేమో! మోజిటోను గ్లాసులోనే నలిపి, గ్లాసులోనే కలిపి, అదే గ్లాసుతో తాగుతారు. సోడా పోసిన పానీయాన్ని మూత బిగించి ఊపితే గ్యాసు మూతను తన్నేస్తుంది. ఆ తర్వాత మిగిలేది వంటగది గోడలు తుడుచుకునే పని.

అలాగని సెట్టు మొత్తాన్నీ తీసిపారేయను. ఇందులో ఒక్క వస్తువు మాత్రం ఎవరింట్లోనైనా ఉండదగినది. అది జిగ్గర్ అనే కొలపాత్ర. రెండు గరాటులను మొన దగ్గర అతికించినట్టు ఉంటుంది. ఒకవైపు 30, రెండోవైపు 60 మిల్లీలీటర్లు పడుతుంది. వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్లు పోసి తూచాను. ఒక మిల్లీలీటరు నీళ్లు దాదాపు ఒక గ్రాము తూగుతాయి కాబట్టి ఇందులో మోసం దాగదు. అంచుదాకా నింపితే రెండు వైపులా లెక్క సరిపోయింది. నాకు ముచ్చటేసింది మాత్రం 30 వైపు లోపల 15 దగ్గర గీసిన గీత. అది ఎత్తులో సగం దగ్గర లేదు, సగానికి బాగా పైన ఉంది. ఉండవలసింది కూడా అక్కడే. కిందికి సన్నబడే పాత్రలో సగం ఎత్తుకు పోస్తే సగం కొలత రాదు, అందులో చిన్న భాగమే వస్తుంది. ఈ లెక్క తెలిసి గీత గీసినవారెవరో గాని వారికి నా దండం.

సెట్టుతో ఇచ్చిన తయారీ చీటీని వేరేవారు రాసి ఉంటారు. 'కొద్దిగా నిమ్మరసం, గుప్పెడు పుదీనా, రుచికి తగినంత పంచదార' అట. ఎవరి గుప్పెడు? ఇంత చక్కటి కొలపాత్ర చేతికిచ్చి, కొలతలు లేని చీటీ జతచేయడం ఏమి తెలివో తెలియదు. దాన్ని పక్కన పడేసి అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత పాటించండి: తెల్ల రమ్ము 45 మిల్లీలీటర్లు, తాజా నిమ్మరసం 20, పంచదార రెండు టీస్పూన్లు, పుదీనా రెమ్మలు ఆరు, పైన సోడా. ఇది క్యూబాలో పుట్టిన పానీయం, ఆ సంఘం చెప్పేది కూడా అక్కడి రమ్మునే. నిమ్మరసం 20 కాస్తా 30 అయిందంటే పళ్లు జివ్వుమంటాయి, రమ్ము ఎటుపోయిందో తెలియదు. ఒక్క పంచదార విషయంలో మాత్రం నేను ఆ సంఘం మాట వినను. చల్లటి రసంలో పలుకులు త్వరగా కరగవు. మొదటి గుక్క పుల్లగా, అడుగు గుక్క తేనెలాగా తయారవుతుంది. పంచదార, వేడినీళ్లు సమానమైన బరువులో కలిపి చల్లార్చిన పలచని పాకం 15 మిల్లీలీటర్లు పోస్తాను.

ఇక అసలు తగువు మడ్లర్‌తో. నలపడానికి ఇచ్చిన ఈ చెక్క కర్ర అడుగున కోరపళ్లలాంటి గళ్లు చెక్కారు. నిమ్మచెక్కను పిండడానికి అవి బాగానే పనికొస్తాయి, తొక్కలోని నూనె కూడా దిగుతుంది. పుదీనాకు మాత్రం అవి యముడే. ఈ ఆకు సువాసన దాని పైపొర మీద ఉండే కంటికి ఆనని నూనె తిత్తుల్లో ఉంటుంది. మెల్లగా అదిమితే చాలు, అవి చిట్లి వాసన గుప్పుమంటుంది. పళ్లతో పొడిస్తే ఆకు చిరిగి, లోపలి పసరు బయటకు వస్తుంది. పుదీనా వాసన వెనక్కిపోయి గడ్డి నమిలినట్టు చేదు ముందుకొస్తుంది. పైగా చిరిగిన నలకలు గళ్లలో ఇరుక్కుంటాయి, స్ట్రాలో అడ్డం పడతాయి, నవ్వితే పళ్ల సందుల్లో కనబడతాయి. కొద్దికాలం వాడేసరికి నిమ్మరసం తగిలే ఆ గళ్ల అంచుల దగ్గరే వార్నిష్ పొట్టులా లేవడం మొదలైంది. నోట్లోకి పోయేదాన్ని తాకే వస్తువుకు వార్నిష్ ఎందుకు పూశారు? విరుగుడు సులభమే. కర్రను తలకిందులు చేసి, నున్నగా ఉన్న పిడి కొసతో అదమండి. అదీ నచ్చకపోతే చెక్క గరిటె వెనకభాగం చాలు. నిమ్మచెక్కలను ముందు గట్టిగా నలిపి, పుదీనా ఆ తర్వాత వేసి నాలుగుసార్లు అదిమి వదిలేయాలి. దంచకూడదు.

నిమ్మకాయ పిండే పరికరం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, గట్టిది. చెక్కను కోసిన వైపు కింద రంధ్రాలకు ఆనేలా పెట్టాలి. గిన్నెలో ఇమిడినట్టు కనబడుతుందని తిరగేసి పెడితే రసం పక్కలకు చిమ్ముతుంది. పొడవాటి చెంచా చెంచాలాగే ఉంది.

షేకర్‌కు అన్యాయం చేయకూడదు. దాని చేత పని చేయించాలంటే బొమ్మలోని పానీయం మానేసి సౌత్‌సైడ్ అనే కాక్‌టెయిల్ చేయండి. జిన్ను 60 మిల్లీలీటర్లు, పసుపు లెమన్ రసం 30, పాకం 15, పుదీనా ఆకులు ఐదారు. సోడా లేదు కాబట్టి నిశ్చింతగా ఊపవచ్చు. ఇందులో ఆకులను విడిగా నలిపే పని కూడా లేదు, ఐసుముక్కల తాకిడే ఆ పని చేసిపెడుతుంది. చేతులకు చలి కొరికేదాకా ఊపి వడకడితే లేతాకుపచ్చ ఛాయతో, పైన సన్నని నురగతో దిగుతుంది. ఈ సెట్టుతో నాకు బాగా కుదిరిన పానీయం ఇదే. దీని పేరు పెట్టె మీద ఎక్కడా లేదు! షేకర్ మెడలోని జల్లెడ రంధ్రాలు పెద్దవి, ఆకు నలకలను ఆపలేవు. గ్లాసు మీద సన్నని జాలీ ఇంకొకటి పెట్టుకోవాలి. చల్లబడ్డ స్టీలు ముడుచుకుంటుంది కాబట్టి మూత పట్టేస్తుంది. బలం చూపించకుండా, మూత చుట్టూ గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టండి, వచ్చేస్తుంది.

ఐసు గురించి చీటీలో ఒక్క ముక్క లేదు, పెట్టెలో ఐసు ట్రే కూడా లేదు. ఎండాకాలపు పానీయానికి సగం ప్రాణం అదే కదా. రెండు మూడు ముక్కలు వేసి పొదుపు చేశామనుకుంటారు గాని, అవి ఇట్టే కరిగి పానీయం నీళ్లపాలవుతుంది. గ్లాసు నిండా పెద్ద ముక్కలు వేయాలి, సోడాను కూడా ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. పుదీనాలో స్పియర్‌మింట్ రకం ఎంచుకోండి. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ. అది నాలుక మీద చలిని గ్రహించే నాడులను తట్టి లేపి నిమ్మ రుచిని పక్కకు నెట్టేస్తుంది. చివరి రెమ్మను అరచేతిలో పెట్టి ఒక్క చరుపు చరిచి, స్ట్రాకు ఆనించి గుచ్చితే ప్రతి గుక్కకూ వాసన ముక్కుకు అందుతుంది.

మందు ముట్టనివారికి రమ్ము తీసేసి ఆ మేరకు సోడా పెంచితే సరిపోతుంది. ఘాటు చాటున దాక్కునే వీలు లేదు కాబట్టి నిమ్మ, పాకం కొలత తప్పితే అందులో మరింత పట్టిచ్చేస్తుంది. జిగ్గర్ అక్కడ ఇంకా అవసరం.

నాకైతే జిగ్గర్, నిమ్మకాయ పిండేది విడిగా దొరికితే అవే కొనుక్కోవడం నయం అనిపించింది. ఎవరికైనా కానుకగా ఇవ్వాలంటే మాత్రం పెట్టె అందంగానే ఉంది. ఇచ్చేముందు ఆ చీటీ తీసేసి, పై కొలతలు ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. మడ్లర్‌ను నీళ్లలో నానబెట్టవద్దని కూడా అందులోనే ఒక వాక్యం రాయండి.