ముద్ర పడలా: ఉప్పు మడుల పక్క ఊళ్లో వేలిముద్ర మిషను, మూడేళ్ల వాడకం

ఆధార్ నంబరు చెప్పి ఈ మిషను మీద వేలు పెడితే బ్యాంకు ఖాతాలోని డబ్బు చేతికి వస్తుందని అందరికీ తెలుసు. నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇస్కపల్లి వైపు ఉప్పు మడుల కూలీలకు, చేపలు పట్టుకుని బతికే యానాదులకు ఇది చేసిన మేలు చిన్నది కాదు. సంతకం, కార్డు ఏమీ లేకుండానే ఉపాధి కూలి ఊళ్లోనే చేతికొస్తుంది. బ్యాంకుకు పోతే ఆ రోజు పని పోయినట్టే.

బాధేమిటంటే, కష్టం చేసిన చేతుల్నే ఈ మిషను గుర్తుపట్టదు. ఉప్పునీళ్లకు, పార పిడికి బొటనవేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. "ముద్ర పడలా, రేపు రా" అని పంపేయడం అన్యాయం. ముందు సబ్బుతో చేతులు కడిగించి పొడిగుడ్డతో తుడవాలి. చర్మం ఎండి పగిలి ఉంటే చుక్క కొబ్బరినూనె రాసి పూర్తిగా తుడిచేయాలి. జిడ్డు మిగిలితే మిషను అద్దం మీద మరకై తర్వాతివాళ్లకూ పడదు. మిషను మీద ఎండ పడకూడదు. వేలికొన కాదు, నడిమి భాగం ఆనాలి. మరీ గట్టిగా నొక్కినా గీతలు అలుక్కుపోతాయి. బొటనవేలు మొండికేస్తే ఉంగరపు వేలు పెట్టించండి. ఇక్కడ ఎక్కువసార్లు పనిచేసింది అదే.

ముద్ర పడకపోతే డబ్బు కట్ కాదు. ముద్ర పడ్డాక సిగ్నల్ పోతేనే ముప్పు. ఖాతాలో అడిగిన 2,000 రూపాయలు తగ్గుతాయి, మిషనులో జవాబు రాదు. వెంటనే ఇంకోసారి పెట్టిస్తే 4,000 పోవచ్చు. ఖాతాకు ఫోను నంబరు లేని మనిషికి మెసేజీ కూడా రాదు, పోయిన సంగతే తెలియదు. అందుకే ముందు మినీ స్టేట్‌మెంట్ (ఖాతాలో చివరి లావాదేవీల చీటీ) తీయాలి. తగ్గి ఉంటే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ (ఆ లావాదేవీ గుర్తింపు నంబరు) ఉన్న చీటీ చేతికివ్వాలి, దాంతో ఖాతా ఉన్న బ్యాంకులో ఫిర్యాదు రాయించాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం 5 రోజుల్లోగా డబ్బు వెనక్కి పడాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, అడక్కుండానే. కూలి ఇంటికి ఆ 5 రోజులూ ఎక్కువే.

ఊళ్లోనే డబ్బు అన్నాను గానీ, అది మిషను పెట్టుకున్నవారి దగ్గర నగదు ఉన్నంతసేపే. కూలి పడ్డ రోజు మధ్యాహ్నానికే అయిపోతుంది. నూటికి ఇంతని చేతిలోంచి పట్టుకునేవాళ్లూ ఉన్నారు. కమిషన్ బ్యాంకు ఇస్తుంది, ఖాతాదారు ఇవ్వనక్కర్లేదు.

ఫోనూ కార్డూ ఉన్నవాళ్లకు దీని అవసరం తక్కువ. మడుల్లో పనిచేసేవాళ్లకైతే, వేలికి బదులు ముఖం చూపించి డబ్బు తీసే యాప్ ఉన్నవాళ్లు దగ్గర్లో ఉంటే అదే మేలనిపిస్తోంది. లేకుంటే ఈ మిషనే గతి, చీటీ ఇచ్చే చోటైతేనే.