బిర్రా, వదులా? 4.49, 4.50 పెల్లెట్లలో ఏది మేలు

"అన్నా, 4.49 తెప్పించాలా, 4.50 తెప్పించాలా?" అని దేవరకొండ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టి ఏడాదైంది. వీడి స్కోరు సగటు ఇంకా షాటుకు 9.8. అయినా అడిగిన ప్రశ్న మంచిదే.

పెల్లెట్ అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే సీసపు గుండు, డమరుకం లాగా ఉంటుంది. తల చదును, నడుము సన్నం, వెనక బోలు. వెనక భాగం పలచని సీసం కాబట్టి గాలి ఒత్తిడికి విచ్చుకుని బ్యారెల్‌ను మూసేస్తుంది. తల అలా విచ్చుకోదు, బ్యారెల్ లోపలి గాడుల అంచుల మీద నడుస్తూ పెల్లెట్‌ను పక్కకు ఒరగనివ్వదు. డబ్బా మీద వేసే 4.49, 4.50 ఈ తల కొలతే, మిల్లీమీటర్లలో. రెండింటికీ తేడా మైక్రోమీటరు (సన్నని కొలతలు తీసే పరికరం) మీద ఒక్క గీత.

ఆ ఒక్క గీతకు ఇంత చర్చ ఎందుకంటే, స్కోరు లెక్కలు మారాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచినప్పుడు క్వాలిఫికేషన్‌లో 10 అంటే 10, అంతే. 2013 నుంచి అక్కడా దశాంశాలు వచ్చాయి. ఇప్పుడు గుండు మధ్య నుంచి పావు మిల్లీమీటరు జరిగితే 0.1 పోతుంది. అరవై షాట్లకు కలిపి చూస్తే చిన్న నష్టం కాదు.

బిర్రుగా పట్టే తల గాడుల్లో గట్టిగా కూర్చుంటుంది, ప్రతి పెల్లెట్ ఒకే దారిన పోతుంది. మరీ బిర్రైతే బొటనవేలితో గట్టిగా తోయాలి. సీసం మెత్తన, ఆ తోయడంలోనే ఆకారం చెడవచ్చు. వదులుగా ఉన్నది సుఖంగా జారుతుంది కానీ ఒకటి లోతుకు పోతుంది, ఇంకొకటి అంచునే ఆగుతుంది, కొన్ని కాస్త వంగి బయలుదేరతాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లు షాఫ్టులు తిప్పే లేత్ మిత్రుడికి ఇదంతా చెబితే నవ్వాడు. బేరింగ్ కూర్చోబెట్టేటప్పుడు వాళ్లు రోజూ పడే తంటా ఇదేనట. ఆయన మైక్రోమీటరుతో పెల్లెట్ కొలవబోతే మాత్రం పని జరగలేదు, దవడలు తగలగానే సీసం నొక్కుకుపోయింది.

అందుకే కొలత కన్నా నేను వేలిని నమ్ముతాను. పది పెల్లెట్లు వరుసగా తోసి చూడండి. పదింటికీ ఒకే బిగువు తగిలితే ఆ డబ్బా మంచిది, మీద ఏ అంకె ఉన్నా సరే. (సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా మిర్చి బజ్జీ తినకండి.)

ఎండాకాలం పెల్లెట్లు ఉబ్బుతాయి కాబట్టి 4.49 కొనాలని మావైపు ఒక మాట ఉంది. లెక్క వేసి చూడండి. ఇరవై డిగ్రీలు పెరిగితే 4.5 మిల్లీమీటర్ల సీసం 0.003 మిల్లీమీటరు కూడా పెరగదు, పైగా బ్యారెల్ ఉక్కు కూడా కొంత పెరుగుతుంది. నల్గొండ ఎండకు 45 డిగ్రీల్లో ఉబ్బేది మన ముఖమే.

బరువు సంగతి: రైఫిల్‌కు ఎక్కువమంది 0.53 గ్రాములదే వాడతారు. తేలికది బ్యారెల్‌లోంచి కాస్త త్వరగా బయటపడుతుంది, పిస్టల్ వాళ్లకు అదే ఇష్టం. రైఫిల్‌కు 0.53తోనే మొదలుపెట్టండి.

ఒక్కో పెల్లెట్‌నూ తూచి వేరు చేయడం మంచిదా అంటే, నేను రెండు ఆదివారాలు నగల త్రాసు ముందు కూర్చుని మెడనొప్పి తెచ్చుకున్నాను. భుజం మీద పెట్టి కాల్చినప్పుడు ఆ తేడా నాకు కనబడలేదు. ఆ సమయం లాట్లు (ఒకే విడతలో తయారైన డబ్బాలు) పరీక్షించడానికి పెట్టి ఉండాల్సింది. ఒకే కంపెనీ, ఒకే 4.50 అయినా లాట్ మారితే గ్రూప్, అంటే టార్గెట్ మీద గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయో, అది మారుతుంది. "నాకు 4.50 బాగుంది" అనేవాళ్లు నిజానికి ఒక లాట్‌ను పొగుడుతున్నారు.

కాబట్టి తమ్ముడికి చెప్పింది ఇదీ. రెండు కొలతల్లో ఒక్కో డబ్బా తెప్పించు. రైఫిల్‌ను చెక్క ముక్కల మధ్య వైస్‌లో బిగించు, బ్యారెల్‌ను మాత్రం పట్టించకు. డబ్బా మార్చినప్పుడల్లా మొదటి పది గుండ్లు లెక్కలోకి తీసుకోకు. తర్వాత పదేసి గుండ్ల గ్రూపులు నాలుగు కాల్చు. అయిదు గుండ్ల గ్రూపు ఒక్కటి చూసి మురిసిపోయేవాళ్లు వచ్చే వారానికే ఇంకో డబ్బా వెతుకుతారు. రెండూ సమానంగా వస్తే వేలికి హాయిగా అనిపించింది తీసుకో, అదే లాట్‌లో దొరికినన్ని డబ్బాలు కొని పెట్టుకో.

వాడు అంతా విని, "వైస్ ఎక్కడ దొరుకుతదన్నా?" అన్నాడు. లేత్ మిత్రుడి నంబరు ఇచ్చాను.