ప్లస్ 130 బల్బులు, రిలే కిట్: చేవెళ్ల రోడ్డు మీద వాడాక

గచ్చిబౌలి, మాదాపూర్ దాటి పోనివాళ్లకు హెడ్‌లైట్ బల్బులు మార్చాల్సిన పనే లేదు. వీధి దీపాల కింద మన లైట్లు వెలుగుతున్నాయో లేదో కూడా తెలీదు. నేను మార్చింది అప్పా జంక్షన్ దాటాక మొదలయ్యే చేవెళ్ల రోడ్డు కోసం. అత్తగారి ఊరు వికారాబాద్ అవతల, బయల్దేరేది ఎప్పుడూ ఆఫీసు అయ్యాకే. మన్నెగూడ దాకా అటూ ఇటూ మర్రిచెట్లు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు. వడ్లకన్నా ఆ రాళ్లతోనే భయం.

కారు పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్. హెచ్4 బల్బు, అంటే అప్పర్‌కీ (దూరం వెలుగు) డిప్పర్‌కీ (దగ్గర వెలుగు) వేర్వేరు ఫిలమెంట్లు ఒకే బల్బులో ఉంటాయి, 60/55 వాట్లు. రాణిగంజ్‌లో అడిగితే మూడు రకాలు చూపించారు: 100/90 వాట్ల హాలోజెన్, వెనక ఫ్యాన్ ఉన్న ఎల్‌ఈడీ, డబ్బా మీద ప్లస్ 130, అంటే 130 శాతం ఎక్కువ వెలుగు అని రాసి ఉన్న 60/55 హాలోజెన్. మూడోది తీసుకున్నాను, దాంతోపాటు రిలే కిట్ (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్). నా లెక్కలో ఈ ఖర్చులో అసలు విలువైనది కిట్టే, బల్బు తర్వాత.

మా బండిలో కరెంటు స్టీరింగ్ దగ్గరి స్విచ్ గుండా తిరిగి, సన్నటి వైర్లలో బల్బుకు చేరేది. దారిలో వోల్టేజీ పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి మీటరు పెట్టి చూపించాడు: బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, హోల్డర్ దగ్గర పన్నెండున్నర. "ఇది చూడకుండా ఎన్ని బల్బులు మార్చినా అంతే సార్" అన్నాడు. హాలోజెన్‌కు ఇది చిన్న తేడా కాదు. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. కిట్ వేశాక స్విచ్ పని రిలేను కదిలించడం వరకే. బల్బుకు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైర్లో నేరుగా వస్తుంది. మొదట పాత బల్బులతోనే తిప్పి చూశాను. తేడాలో ఎక్కువ భాగం అక్కడే తెలిసిపోయింది.

ఇక ప్లస్ 130 అంటే వెలుగు రెండింతలైందని కాదు. హెచ్4 ప్రమాణం డిప్పర్‌కు సుమారు 1000 ల్యూమెన్లు (వెలుగు కొలత), అప్పర్‌కు 1650. ఈ బల్బులూ ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటాయి. ఫిలమెంట్‌ను బిగువుగా చుట్టి, ఆ వెలుగునే రోడ్డు మీద కొన్ని చోట్ల పోగేస్తారు. నాకు లాభం కనిపించింది ఎడమ అంచున. అక్కడ నడిచే మనిషి, పడుకున్న బర్రె కాస్త ముందే కనబడతాయి. దీనికి మూల్యం ఆయుష్షు. మామూలు బల్బుల జోలికి ఏళ్ల తరబడి పోలేదు, ఇవి ఏడాది దాటితే ఎప్పుడు పోతాయో చెప్పలేం. పూర్తి వోల్టేజీ అందడం కూడా ఫిలమెంట్‌ను త్వరగా తినేస్తుంది. అందుకే ఒకటి పోతే రెండూ మారుస్తాను, బండితో వచ్చిన పాత బల్బులు డిక్కీలో పడుంటాయి.

100/90 వద్దనుకున్నది వేడి వల్ల. ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మెరుపు మాడిపోతుంది.

ఎల్‌ఈడీ సంగతి మా బావమరిది బండిలో బాగా చూశాను. తెల్లటి వెలుగు, మొదటి చూపుకు నా బల్బులు దిగదుడుపే. కానీ హెచ్4లో డిప్పర్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది, వెలుగును రిఫ్లెక్టర్ పై సగానికే పంపుతుంది. ఎల్‌ఈడీ చిప్పులు ఫిలమెంట్ ఉండాల్సిన చోట ఖచ్చితంగా కూర్చోకపోతే వెలుగు పైకి చిమ్ముతుంది. వాడి బండిలో అదే జరుగుతోంది. ఎదురొచ్చే ప్రతి లారీ లైట్లు కొట్టి తిడుతుంది. "బావా, నేను డిప్పర్‌లోనే ఉన్నా, వీళ్లకేమైంది!" అని వాడి గోల. ముసురులో అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు తడి తారు మీద ఆ తెలుపు ఎటుపోయిందో తెలీదు, నా పసుపు వెలుగే నయమని వాడూ ఒప్పుకున్నాడు. పొగమంచులో మాత్రం ఇద్దరివీ ఒకటే, డిప్పర్ వేసుకుని మెల్లగా పోవాల్సిందే.

బల్బు మార్చిన రోజే ఎయిమ్, అంటే వెలుగు పడే ఎత్తు కూడా సరిచేయించాలి. చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపితే, డిప్పర్ వెలుగు పై గీత లైటు ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి పడాలి. వెనక సీటు నిండా మనుషులు, డిక్కీలో బియ్యం మూటలు ఉంటే ముక్కు లేచి లైట్లు చెట్ల కొమ్మలకు కొడతాయి. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం అందుకే ఉంది, బరువుకు తగ్గట్టు తిప్పితే వెలుగు దిగుతుంది. బండి కొన్న నాటి నుంచి దాన్ని ముట్టనివాళ్లే ఎక్కువ. లెన్స్ పసుపెక్కి ఉంటే ముందు పాలిష్ చేయించండి, లేకపోతే ఏ బల్బు వేసినా దండగ.

కిట్, బల్బులు, కూలీ కలిపి నాకు నాలుగు వేల లోపే అయింది. బిగించేటప్పుడు బల్బు గాజును వేళ్లతో ముట్టనివ్వకండి, జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిపించాకే పెట్టించండి.