గ్రాఫ్ అల్గోరిథంలకు ఏ లైబ్రరీ మేలు: నెట్‌వర్క్‌ఎక్స్, ఐగ్రాఫ్, ఇంకా కొన్ని

ఇక్కడ గ్రాఫ్ అంటే బడిలో గళ్ల కాగితం మీద గీసిన వక్రరేఖ కాదు. నోడ్లు అనే చుక్కలు, వాటిని జతపరిచే ఎడ్జ్‌లు అనే గీతలు కలిసిన నిర్మాణం. రైలు మార్గాలు, ఫోన్ కాల్స్, బ్యాంకు బదిలీలు, ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాం మీద ఆధారపడే తీరు, అన్నీ ఈ రూపంలోకి వస్తాయి. వీటి మీద పని చేయడానికి ఉచితంగా, మూలకోడ్‌తో సహా దొరికే లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ సంకలనాలు, చాలా ఉన్నాయి. వాటిని పోల్చేవారు ఎక్కువగా వేగం పట్టికలతోనే మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. నేను మాత్రం మనం చెప్పకుండా వదిలేసిన చోట లైబ్రరీ తనంతట తాను ఏమి ఊహించుకుంటుందో ముందు చూస్తాను. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబును సహించవచ్చు గాని, క్షణంలో వచ్చిన తప్పు జవాబును పట్టుకోవడం కష్టం.

పైథాన్ రాసేవారికి మొదట ఎదురయ్యేది నెట్‌వర్క్‌ఎక్స్. అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో ఆరిక్ హాగ్‌బర్గ్, డాన్ షుల్ట్, పీటర్ స్వార్ట్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ 2005లో బయటి ప్రపంచానికి అందింది. ఇది పూర్తిగా పైథాన్‌లోనే రాసినది. లోపల ఉన్నది నిఘంటువులో (పేరుకు విలువను జతపరిచే పైథాన్ డిక్షనరీ) నిఘంటువు, దానిలో మరో నిఘంటువు, అంతే. అందువల్ల ఊరి పేరు, సంఖ్య, తేదీ, ఏది కావాలంటే అది నోడ్‌గా పెట్టుకోవచ్చు. ఒక అల్గోరిథం ఎలా పని చేస్తుందో అనుమానం వస్తే దాని కోడ్ తెరిచి చదువుకోవచ్చు, పైథాన్ కొద్దిగా వచ్చినవారికి కూడా అది అర్థమవుతుంది. డాక్యుమెంటేషన్‌లో చాలా చోట్ల మూల పరిశోధనా పత్రం పేరు కూడా ఇస్తారు. నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

అయితే ఈ ఉదారతకు ఒక వెల ఉంది. లేని నోడ్ పేరుతో ఎడ్జ్ కలిపితే నెట్‌వర్క్‌ఎక్స్ అభ్యంతరం చెప్పదు, మారు మాట్లాడకుండా కొత్త నోడ్‌ను పుట్టిస్తుంది. తెలుగు లిపిలో పేర్లు పెట్టుకునేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి: ‘సికింద్రాబాద్’ అన్న మాట చివరి పొల్లు తరువాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరం ఒక ఫైల్‌లో ఉండి మరో ఫైల్‌లో లేకపోతే, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని లైబ్రరీకి అవి రెండు వేర్వేరు స్టేషన్లు. ఇటువంటి జంట నోడ్ల వల్ల ‘దారి లేదు’ అన్న జవాబు వచ్చి, అల్గోరిథంను అనుమానిస్తూ నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి డేటా చదవగానే ఆ అక్షరాన్ని తీసివేయడం అలవాటు చేసుకున్నాను.

ఇంతకంటే పెద్ద చిక్కు బరువుల దగ్గర, అంటే ఎడ్జ్‌ల మీద రాసే సంఖ్యల దగ్గర ఉంది. సికింద్రాబాద్, కాజీపేట, నడికుడి, గుంటూరు, విజయవాడ అనే అయిదు నోడ్లతో ఒక చిన్న రైలు గ్రాఫ్ తయారుచేసి, ప్రతి ఎడ్జ్ మీద కిలోమీటర్లు రాశామనుకుందాం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడకు రెండు ఎడ్జ్‌లు, దూరం సుమారు 350 కిలోమీటర్లు. నడికుడి, గుంటూరు మీదుగా మూడు ఎడ్జ్‌లు, కాని దూరం తక్కువ. నెట్‌వర్క్‌ఎక్స్‌లో షార్టెస్ట్ పాత్ ఫంక్షన్‌ను ఊరికే పిలిస్తే అది కాజీపేట దారినే ఇస్తుంది; కిలోమీటర్లను చూడమని మనం విడిగా చెప్పకపోతే అది ఎడ్జ్‌ల లెక్కను మాత్రమే చూస్తుంది. అదే లైబ్రరీలో డైక్‌స్ట్రా పాత్ (తక్కువ బరువు దారి), మినిమమ్ స్పానింగ్ ట్రీ (అన్ని నోడ్లనూ తక్కువ మొత్తం బరువుతో కలిపే గీతలు), పేజ్‌ర్యాంక్ (నోడ్ ప్రాధాన్యం) ఫంక్షన్లు మాత్రం ‘వెయిట్’ అన్న పేరుతో విలువ ఉంటే అడగకుండానే దాన్ని తీసుకుంటాయి. ఒకే ఇంట్లో రెండు ఆచారాలన్నమాట. పైగా షార్టెస్ట్ పాత్‌లోనూ బిట్వీన్‌నెస్‌లోనూ (ఒక నోడ్ ఎన్ని అతి దగ్గరి దారుల మధ్యలో పడుతుందో చెప్పే కొలత) బరువు అంటే దూరం, ఎక్కువైతే చెడ్డది. లూవాన్ పద్ధతిలో గుంపులు విడదీసేటప్పుడు బరువు అంటే బంధపు బలం, ఎక్కువైతే మంచిది. ఒకే సంఖ్యను రెండు చోట్లా వాడితే ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, ఫలితం మాత్రం అర్థం లేనిదవుతుంది.

వేగం, మెమరీ సంగతికి వస్తే, నిఘంటువుల అమరిక వల్ల నెట్‌వర్క్‌ఎక్స్‌లో ఒక్కో ఎడ్జ్‌కు వంద బైట్లకు పైగానే ఖర్చవుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు స్నాప్ అనే గ్రాఫ్‌ల సేకరణలోని లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు గ్రాఫ్‌లో దాదాపు 48 లక్షల నోడ్లు, 6.9 కోట్ల ఎడ్జ్‌లు ఉన్నాయి. అంటే ఎడ్జ్‌లకే ఏడు గిగాబైట్లు దాటుతుంది, సాధారణ ల్యాప్‌టాప్ అక్కడే చేతులెత్తేస్తుంది. అయితే ప్రతి మందగమనానికీ పైథాన్‌ను నిందించడం న్యాయం కాదు. బిట్వీన్‌నెస్ సెంట్రాలిటీకి (సెంట్రాలిటీ అంటే నోడ్ ప్రాధాన్యపు కొలత) ఉల్రిక్ బ్రాండెస్ 2001లో ప్రచురించిన అల్గోరిథం, బరువులు లేని గ్రాఫ్‌లో నోడ్ల సంఖ్యను ఎడ్జ్‌ల సంఖ్యతో గుణించినంత పని చేస్తుంది. అదే స్నాప్ సేకరణలోని అమెజాన్ గ్రాఫ్‌కు 3,34,863 నోడ్లు, 9,25,872 ఎడ్జ్‌లు కనుక, ఆ లెక్క సుమారు 31 వేల కోట్ల అడుగులకు వస్తుంది. దీన్ని సి భాషలో రాసినా టీ తాగి వచ్చేలోపు అయ్యే పని కాదు. కొన్ని నోడ్లను మాత్రమే నమూనాగా తీసుకుని అంచనా వేయడమే మార్గం, ఆ సదుపాయం నెట్‌వర్క్‌ఎక్స్‌లోనూ ఉంది. ఈ మధ్య వెర్షన్లలో పాత కోడ్‌ను దాదాపు అలాగే ఉంచి, లెక్కను ఎన్‌విడియా కార్డు మీద నడిచే క్యూగ్రాఫ్ వంటి బ్యాకెండ్‌కు (వెనక లెక్క చేసిపెట్టే వేరే ప్రోగ్రాంకు) అప్పగించే వీలు కూడా వచ్చింది.

రోజువారీ పనికి నేను ఎక్కువగా నమ్ముకునేది ఐగ్రాఫ్. గాబోర్ చార్డి, తమాష్ నెపుస్ రూపొందించిన దీని మూలం సి భాషలో ఉంది. దాని మీద ఆర్, పైథాన్, మ్యాథమ్యాటికా భాషలకు తొడుగులు, అంటే ఆ భాషల నుంచి దాన్ని పిలిచే పొరలు, ఉన్నాయి. 0.10 వెర్షన్ నుంచి 64 బిట్ల సంఖ్యలు వాడుతున్నా ఒక్కో ఎడ్జ్‌కు నాలుగు సంఖ్యలే కనుక, 32 బైట్లతో సరిపెడుతుంది; పై లైవ్‌జర్నల్ గ్రాఫ్ ఇందులో రెండు గిగాబైట్ల పైచిలుకులో ఒదుగుతుంది. గుంపులు విడదీయడానికి లూవాన్, దాని లోపాలను సవరించిన లైడెన్ పద్ధతి, రెండూ సిద్ధంగా ఉంటాయి. లేని పేరుతో ఎడ్జ్ కలపబోతే తప్పు చూపి ఆగిపోతుంది, అది నాకు నచ్చిన గుణం. జంటల జాబితా మొత్తాన్ని ఒకేసారి ఇచ్చి గ్రాఫ్ కట్టించుకున్నప్పుడు మాత్రం పై జంట నోడ్ల పొరపాటు ఇక్కడా జరుగుతుంది.

ఐగ్రాఫ్ విషయంలో గట్టిగా చెప్పవలసిన హెచ్చరిక నోడ్ సంఖ్యల గురించి. అందులో నోడ్లకు ఖాళీ లేని వరుస సంఖ్యలు ఉంటాయి. మధ్యలో ఒక నోడ్‌ను తొలగిస్తే దాని తరువాతివన్నీ ముందుకు జరుగుతాయి. రేషన్ క్యూలో ఒకరు వెళ్లిపోతే వెనకవారి స్థానం మారినట్టే. నోడ్ సంఖ్యలను వేరే పట్టికలో దాచుకుని, తరువాత కొన్ని నోడ్లను తొలగించి, మళ్లీ ఆ పట్టికతో జతపరిస్తే ఒకరి వివరాలు మరొకరికి అంటుకుంటాయి. అందుకే ప్రతి నోడ్‌కూ పేరు అనే గుణాన్ని ఇచ్చి, దానితోనే వ్యవహరించాలి. ఎడ్జ్‌లను ఒక్కొక్కటిగా కలపడం కూడా ఇక్కడ బాగా నెమ్మది, ప్రతిసారీ లోపలి సూచికను తిరిగి కట్టుకుంటుంది. జాబితాగా ఒకేసారి ఇవ్వాలి. ఇక అతి తక్కువ దూరాన్ని లెక్కించేటప్పుడు ఆర్ తొడుగు వెయిట్ విలువలను తనంతట తానే తీసుకుంటుంది, పైథాన్ తొడుగు తీసుకోదు. సంఖ్యలు కూడా ఆర్‌లో 1 నుంచి, పైథాన్‌లో 0 నుంచి మొదలవుతాయి. గణాంక విభాగం ఆర్‌లోనూ, ఇంజనీర్లు పైథాన్‌లోనూ పని చేసే కార్యాలయాల్లో ఈ తేడా ఎన్ని సమావేశాలకు కారణమవుతుందో చెప్పనక్కరలేదు.

గ్రాఫ్‌టూల్ సంగతి వేరు. టియాగో పెషోటో సి ప్లస్ ప్లస్‌లో, బూస్ట్ గ్రాఫ్ లైబ్రరీ ఆధారంగా నిర్మించిన ఇది చాలా వేగవంతమైనది, కొన్ని అల్గోరిథంలను ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకూ పంచుతుంది. స్టొకాస్టిక్ బ్లాక్ మోడల్ అనే గణాంక నమూనాతో, కనిపించిన గుంపు నిజంగా ఉందా లేక యాదృచ్ఛికమా అని గణాంకపరంగా తేల్చుకోదలిచినవారికి దీనికి సాటి మరొకటి నేను చూడలేదు. కాని మూలకోడ్ నుంచి కట్టుకోవాలంటే కంపైలర్ మెమరీని విపరీతంగా మింగుతుంది. కోండా అనే ప్యాకేజీ సాధనం ద్వారా తెచ్చుకోవడమే సుఖం. విండోస్ మాత్రమే ఉన్న కళాశాల ప్రయోగశాలలకు దీన్ని నేను సూచించను.

కార్ల్స్‌రూహ్‌లో మొదలైన నెట్‌వర్కిట్ పెద్ద గ్రాఫ్‌ల మీద సమాంతరంగా పని చేయడానికి, ముఖ్యంగా సెంట్రాలిటీ అంచనాలకు బాగుంటుంది. నోడ్‌ను తొలగిస్తే ఆ సంఖ్యను ఖాళీగా వదిలేస్తుంది గాని మిగతావాటిని జరపదు. ఐబీఎం వారి క్వాంటం ప్రాజెక్టు కిస్కిట్ కోసం రస్ట్ భాషలో పుట్టిన రస్ట్‌వర్క్‌ఎక్స్ కూడా అంతే. జావావారికి జేగ్రాఫ్‌టీ ఉంది. ప్రవాహాలకు, రవాణా ఖర్చు తగ్గింపు లెక్కలకు సి ప్లస్ ప్లస్‌లో బుడాపెస్ట్‌లో పుట్టిన లెమన్ నాకు బూస్ట్ కంటే చదవడానికి తేలికగా అనిపించింది.

లైసెన్సును చివరికి వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. నెట్‌వర్క్‌ఎక్స్‌ది బీఎస్‌డీ, నెట్‌వర్కిట్‌ది ఎంఐటీ, రస్ట్‌వర్క్‌ఎక్స్‌ది అపాచీ. వీటితో పెద్దగా పేచీ లేదు. ఐగ్రాఫ్‌ది జీపీఎల్. సొంత పరిశోధనకూ, సొంత సర్వర్‌లో నడిపే లెక్కకూ ఇది అడ్డు కాదు. దాన్ని కలిపి తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు పంపిణీ చేయదలిస్తే మాత్రం మూలకోడ్ ఇవ్వవలసిన బాధ్యత వస్తుంది కనుక, ఆ ప్రశ్న మొదటి వారంలోనే న్యాయవాదిని అడగాలి.

ఎడ్జ్‌లు కొన్ని లక్షల లోపు ఉంటే నా ఓటు నెట్‌వర్క్‌ఎక్స్‌కే. అది దాటితే డేటా శుభ్రపరిచే పని నెట్‌వర్క్‌ఎక్స్‌లో ముగించి, ఐగ్రాఫ్‌కు మార్చుకుని అక్కడ లెక్కిస్తాను. మార్చే ఫంక్షన్ ఐగ్రాఫ్‌లోనే ఉంది, పాత పేర్లను కూడా అది భద్రంగా ఉంచుతుంది. ఏ కొత్త లైబ్రరీని చేతిలోకి తీసుకున్నా మొదట ఆ అయిదు స్టేషన్ల గ్రాఫ్‌నే ఇచ్చి, విజయవాడకు కాజీపేట దారి చూపిస్తుందా గుంటూరు దారి చూపిస్తుందా అని అడిగి, తరువాత కాజీపేట నోడ్‌ను తొలగించి మిగతావాటి సంఖ్యలు మారాయేమో చూస్తాను.