బుల్లెట్ ట్రాప్‌లో రబ్బరు మల్చ్: రెండేళ్ల వాడకం తర్వాత

టెక్సాస్‌లో ఇంట్లోనే పిస్తోలు తూటాలు రీలోడ్ చేసుకునేవారికి (వాడిన ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు, గుండు అమర్చుకునేవారికి), కొత్తగా తయారుచేసిన పది తూటాలను పేల్చి చూడడానికి ప్రతిసారీ కాల్పుల రేంజ్‌కు వెళ్లిరావడం ఖర్చుతోనూ శ్రమతోనూ కూడిన పని. ఊరికి దూరంగా, కాల్చడానికి చట్టం అనుమతించే సొంత స్థలం ఉన్నందువల్ల, నేను ముప్పావు అంగుళం ప్లైవుడ్‌తో, పేల్చిన గుండ్లను ఆపి పట్టే పెట్టె (బుల్లెట్ ట్రాప్) ఒకటి చేయించి, అందులో మొక్కల మొదళ్ల చుట్టూ పరిచే రబ్బరు మల్చ్ నింపి రెండేళ్లుగా వాడుతున్నాను. (ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం నేరం, అక్కడివారు దీనికి పూనుకోకూడదు.)

ఈ మల్చ్ పాత టైర్లను తురిమి చేసినది. 0.8 ఘనపుటడుగుల సంచి నాకు పది డాలర్లకు అటూ ఇటుగా దొరికింది. ముందు వైపు 16 అంగుళాల చదరం, లోతు 24 అంగుళాలు ఉన్న పెట్టెకు అయిదు సంచులు పట్టాయి. ముందు భాగానికి పశువుల కొట్టాల్లో పరిచే మందపాటి రబ్బరు చాప బిగించాను. 9 ఎంఎం గుండ్లు చాలావరకు అడుగు లోతులోపే దొరుకుతున్నాయి. అయినా పెట్టె వెనుక ఎత్తైన మట్టిగట్టు లేకుండా నేను ఒక్క తూటా కూడా పేల్చను.

మల్చ్ అసలు విలువ గుండును ఆపడంలో కంటే, దాన్ని చెడకుండా తిరిగి ఇవ్వడంలో ఉంది. అంతకుముందు వాడిన ఇసుకలో గుండు నలిగిపోయేది, సీసం పొడి అయ్యేది. ఒకసారి 115 గ్రెయిన్ల బరువున్న రాగి పూత గుండ్లు 25 గజాల దగ్గర కాగితం మీద చెల్లాచెదురుగా పడుతుంటే కారణం అంతుబట్టలేదు. మల్చ్‌లోంచి ఏరిన గుండ్లను కడిగి భూతద్దం కింద పెట్టి చూస్తే, తూటా మూతిని నొక్కే క్రింప్ పడినచోట పూత చుట్టూతా సన్నగా తెగి, లోపలి సీసం బూడిదరంగులో బయటపడింది. క్రింప్ వేసే అచ్చును (డైని) కొద్దిగా వదులు చేశాక గుండ్లు మళ్లీ ఒకచోట పడసాగాయి. క్రోనోగ్రాఫ్ వేగాన్ని చెప్పగలదు గానీ, ఈ సంగతిని చెప్పలేదు.

లోపాలూ తక్కువేమీ కాదు. నేను మొదట కొన్న సంచుల్లో టైరు ఉక్కుతీగల ముక్కలు వచ్చాయి, చెయ్యి గీరుకుంది. అందుకే తీగ లేనిదని స్పష్టంగా రాసిన సరుకునే కొనాలి. అంతకంటే ముఖ్యమైనది, మల్చ్ కిందికి దిగుతుంది. ఒకరోజు మూత తీసి చూస్తే పైన మూడు అంగుళాల ఖాళీ ఏర్పడింది. అక్కడ తగిలిన గుండు అడ్డు లేకుండా వెనుక చెక్కదాకా పోయి ఉండేది. నాటి నుంచి ప్రతి యాభై తూటాలకూ ఒకసారి కలియబెట్టి, తగ్గినంత నింపుతున్నాను. ఒకేచోట కాల్చితే సొరంగంలా దారి పడుతుంది కనుక గురిని మార్చుతుంటాను. రబ్బరు నిప్పు అంటుకునే వస్తువు. మరీ దగ్గర నుంచి కాల్చకూడదు, నీళ్ల బకెట్టు పక్కనే ఉండాలి.

గుండ్లు ఏరేటప్పుడు మల్చ్‌ను నీళ్లతో తడిపి, చేతి తొడుగులు వేసుకుని, ఆరుబయటే జల్లెడ పట్టాలి. సీసం పిల్లలకు ఎంత హానికరమో తెలిసినదే కనుక, ఆ బట్టలను నేను విడిగా ఉతుకుతాను.

పిస్తోలు రీలోడ్ల వరకు, 50 డాలర్ల సరుకుగా దీన్ని నిస్సంకోచంగా కొనమంటాను. రైఫిల్‌కు మాత్రం ఈ పెట్టె ఎంతమాత్రం పనికిరాదు.