టీవీలో మూడు పాటలు విని టల్సా దాకా

2025 జనవరి 25, శనివారం రాత్రి పదకొండున్నరకు 'శాటర్డే నైట్ లైవ్' పెట్టుకుని కూర్చున్నాం. 1975 నుంచి వస్తున్న కామెడీ షో, నవ్వుకోవడానికే చూస్తాం. ఆ వారం హోస్ట్ టిమొతీ షాలమే. అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్‌గా నటించిన సినిమా అప్పటికి నెల కిందటే వచ్చింది కాబట్టి స్కిట్లు చేసి వెళ్ళిపోతాడనుకున్నాను, కానీ పాటలు కూడా తనే పాడాడు. అవీ అందరికీ తెలిసిన హిట్లు కాదు, సినిమాలోవీ కాదు. మీకు తెలియకపోవచ్చు గానీ నాకు ఇష్టమైనవి అని ముందే చెప్పి మరీ పాడాడు. మొదట నల్ల కళ్ళద్దాలతో హోరెత్తించి, చివర్లో 'టుమారో ఈజ్ ఎ లాంగ్ టైమ్' అకూస్టిక్ గిటార్‌తో నెమ్మదిగా అందుకున్నాడు. ఒక నటుడు తను వేసిన పాత్ర మీద ఇంత ప్రేమ పెంచుకోవడం చూసి నాకు గొంతు పట్టేసింది. ఆ రాత్రే అనుకున్నాను, ఆ డిలన్ తిరిగిన చోట్లు చూడాలని.

ఏప్రిల్‌లో నాన్న అనంతపురం నుంచి వచ్చారు. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో చెక్కభజన బృందంలో ముందు నిలబడి పాడేవారు. ఆ వీడియో చూపిస్తే రెండుసార్లు విని, "ఇప్పుడు అసలాయన పాట పెట్టు" అన్నారు. పెట్టాను. "ఈయప్ప పాడల్లేదు రా, మనతో మాట్లాడ్తాండాడు" అన్నారు. దాంతో ఇద్దరం బయల్దేరాం.

మేముండేది న్యూజెర్సీ పార్సిపనీలో. మొదటి చోటు మా ఇంటి పక్కనే ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. డిలన్ గురువుగా కొలిచిన జానపద గాయకుడు వుడీ గత్రీ, హంటింగ్టన్ అనే నరాల జబ్బుతో 1956 నుంచి 1961 దాకా ఉన్న గ్రేస్టోన్ ఆసుపత్రి ఇక్కడే. పందొమ్మిదేళ్ళ డిలన్ 1961 జనవరిలో న్యూయార్క్ చేరి ఆయన్ని చూడటానికి వచ్చింది ఇక్కడికే. ఆ పెద్ద పాత భవనాన్ని 2015లో కూల్చేశారు. చూడటానికి ఏమీ లేదు, పచ్చిక మాత్రమే. పార్సిపనీ, ఎడిసన్ వైపు ఉండే మనవాళ్ళు ఓ సాయంత్రం నడకకు వెళ్ళొస్తే చాలు, దూరం నుంచి ప్రత్యేకంగా రావద్దు.

మరుసటి శనివారం బస్సులో న్యూయార్క్ పోర్ట్ అథారిటీ బస్ స్టేషన్, అక్కడి నుంచి సబ్‌వేలో వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్. గ్రీనిచ్ విలేజ్‌లో మెక్‌డూగల్ స్ట్రీట్ 115లో కేఫ్ వా ఇంకా నడుస్తోంది, డిలన్ ఊళ్ళో దిగిన కొత్తలో పాడింది అక్కడే. ఆయన అద్దెకున్న 161 వెస్ట్ ఫోర్త్‌లో ఇప్పుడు ఎవరో కాపురం ఉంటున్నారు, తలుపు దగ్గర గుంపుగా నిలబడకండి. 1963 నాటి ఆల్బమ్ అట్ట మీద కనిపించే జోన్స్ స్ట్రీట్ బాగా చిన్న వీధి, ఫొటో తీసుకుంటే అయిపోతుంది. సినిమాలో చూసిన విలేజ్ కావాలంటే మాత్రం ఇక్కడ దొరకదు, ఎక్కువగా జెర్సీ సిటీ, హోబోకెన్‌లలో తీశారు. రాక్‌ఫెల్లర్ ప్లాజాలో ఎన్‌బీసీ స్టూడియో టూర్‌కూ వెళ్ళాం. 'శాటర్డే నైట్ లైవ్' తీసేది అక్కడే, టీవీలో అంత పెద్దగా కనిపించే 8హెచ్ స్టూడియో లోపల ఇంత ఇరుకా అనిపించింది. షో టికెట్లు దొరకడం చాలా కష్టం, పెద్దవాళ్ళతో మిగిలిన సీట్ల కోసం నిలబడే స్టాండ్‌బై లైన్ జోలికి అస్సలు వెళ్ళొద్దు. మొత్తం మీద విలేజ్‌కు ఒక పూట చాలు.

అసలు వెళ్ళాల్సింది ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాకి. షికాగోలో విమానం మారి వెళ్ళాం. ఎయిర్‌పోర్ట్ నుంచి డౌన్‌టౌన్ దగ్గరే. మొదటి రాత్రి దిగిన హోటల్ గురించి జాగ్రత్తపడండి: బుకింగ్‌లో చెప్పని పార్కింగ్ ఛార్జి వేశారు, గదిలో కెటిల్ లేదు, బ్రేక్‌ఫాస్ట్‌లో నాన్న తినగలిగింది అరటిపండు, బ్రెడ్ ముక్క. కింద అడిగితే ముఖం తిప్పుకున్నారు. మర్నాడే ఖాళీ చేసి, వంటిల్లు ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ నాన్న కోసం కుర్చీ ఎండలో వేయించింది. అన్నం, పప్పు, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఇదే నా సలహా.

ఇక్కడ బాబ్ డిలన్ సెంటర్ అనే మ్యూజియం 2022 మేలో తెరిచారు, పక్కనే వుడీ గత్రీ సెంటర్. రెండూ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో ఆనుకునే ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టగానే డిలన్ స్వయంగా ఇనుప ముక్కలు అతికి చేసిన గేటు ఉంటుంది, ఆయన పుట్టిన మిన్నెసోటా ఇనుప గనుల నేల కదా. చేతికో చిన్న ప్లేయరూ హెడ్‌ఫోన్లూ ఇస్తారు. స్టూడియోలా కట్టిన గదిలో పాటలోని ఒక్కో వాద్యాన్ని విడిగా పెంచి తగ్గించి వినొచ్చు. నాన్న మిగతావన్నీ తగ్గించి గొంతు ఒక్కటే వింటూ ఇరవై నిమిషాలు కదల్లేదు, వెనక లైన్ ఉన్నా అక్కడి అమ్మాయి తొందరపెట్టలేదు. స్టాఫ్ మర్యాదకు పూర్తి మార్కులు.

చేతిరాత కాగితాల దగ్గర మాత్రం ఇద్దరం నిలబడిపోయాం. అరచేతిలో పట్టే నోట్‌పుస్తకంలో చీమల బారులాంటి అక్షరాలు. కొట్టేసి, పక్కన ఇంకోటి, అదీ కొట్టేసి కింద మరోటి. నాన్న కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగారు. ఇంగ్లిష్ చదవలేరు, కొట్టివేతలు లెక్కపెడుతున్నారు. "నోబెల్ వచ్చినాయన గూడా ఇన్ని తూర్లు కొట్టేసుకున్న్యాడా" అన్నారు.

గత్రీ సెంటర్‌ను చాలామంది అరగంటలో చుట్టేస్తారు, అలా చేయకండి. 1930ల దుమ్ము తుఫాన్ల గురించి అక్కడ చూపిస్తారు. ఊళ్ళు వదిలి సామాన్లు కట్టుకుని పోతున్న రైతుల ఫొటోల ముందు నాన్న మాట్లాడలేదు. కరువుకి బెంగళూరు బస్సెక్కిన మా ఊరివాళ్ళు గుర్తొచ్చారని రాత్రి చెప్పారు. నా లెక్కలో డిలన్ సెంటర్‌కి నాలుగు గంటలు, దీనికి రెండు. రెండిటికీ ఒకే రోజు సరిపోతుంది గానీ మేం రెండ్రోజులు తీసుకున్నాం, మంచిదైంది.

సెంటర్ షాపులో టీషర్టు కొంటానంటే వద్దని, జేబులో పట్టే నోట్‌పుస్తకం ఒకటి అడిగారు నాన్న. తిరుగు విమానంలో, తనకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా రాని చెక్కభజన పాట ఒకటి అందులో రాయడం మొదలుపెట్టారు. షికాగో వచ్చేసరికి రెండు పేజీలు నిండాయి. మూడో చరణంలో ఒక లైను గుర్తురాక ఖాళీ వదిలేసి, ఇంటికి వెళ్ళగానే అత్తకు ఫోన్ కలపమన్నారు.