రస్ట్‌డెస్క్: ఊళ్లో కొట్టు కంప్యూటర్‌ని హైదరాబాద్ నుంచి నడుపుతున్న అనుభవం

నరసరావుపేటలో నాన్న ఎరువుల కొట్టులో ఒక విండోస్ కంప్యూటర్ ఉంది, బిల్లులన్నీ దాంట్లోని టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే. లెక్కలు, జీఎస్టీ పనులు హైదరాబాద్‌లో ఉండి నేనే చూస్తాను. దూరంగా ఉన్న కంప్యూటర్‌ని ఇక్కడి నుంచే నడిపించే రస్ట్‌డెస్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని రెండేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్తున్నా, ఇలాంటి పనికి నేను వాడినవాటిలో ఇదే మేలు. కాకపోతే సొంత సర్వర్ పెట్టుకుంటేనే.

అంతకుముందు వాడిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి, పదకొండో తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయాల్సిన హడావిడిలో, మీరు దీన్ని వ్యాపారానికి వాడుతున్నట్టుంది అంటూ కనెక్షన్ తెంపేసేది. పెట్టుకున్న నియమం వాళ్ల ఇష్టం, కానీ ఒక్క కొట్టు కోసం ఏటా అంత డబ్బు కట్టలేం. పోనీ విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ వాడదామంటే హోమ్ ఎడిషన్‌ ఉన్న కంప్యూటర్‌లోకి బయటి నుంచి వెళ్లడం కుదరదు. ప్రో ఉన్నా సరే, అది వాడే 3389 పోర్టును (డేటా వచ్చిపోయే ద్వారాన్ని) నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టమని నేనెవరికీ చెప్పను.

రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. రెండు కంప్యూటర్లనూ కలిపే దాని సర్వర్‌లో రెండు ముక్కలుంటాయి: ఎవరు ఎక్కడున్నారో చెప్పేది హెచ్‌బీబీఎస్, నేరుగా కలవలేనప్పుడు మధ్యలో నిలబడి డేటా మోసేది హెచ్‌బీబీఆర్. చిన్న లైనక్స్ సర్వర్ అద్దెకు తీసుకుంటే చాలు. 21115 నుంచి 21117 వరకు టీసీపీ పోర్టులు తెరవాలి, 21116కి మాత్రం యూడీపీ (డేటా పంపే ఇంకో పద్ధతి) కూడా తెరవాలి. అది వదిలేస్తే కంప్యూటర్ తన ఐడీని సర్వర్‌లో నమోదు చేసుకోలేదు, తప్పెక్కడుందో తెలియక తల పట్టుకుంటారు. సర్వర్ తయారుచేసిన పబ్లిక్ కీని (సర్వర్‌ని గుర్తుపట్టే పొడుగాటి అక్షరాల వరుసను) రెండు కంప్యూటర్లలోని రస్ట్‌డెస్క్‌లోనూ అతికిస్తే పని మొదలు. సర్వర్ మన దేశంలోనే, ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉంటే మంచిది, రిలే మీద, అంటే హెచ్‌బీబీఆర్ మధ్యలో ఉండి, నడిచేటప్పుడు ఆ తేడా మౌస్ కదలికలోనే తెలిసిపోతుంది.

అసలు జాగ్రత్తంతా అవతలి కంప్యూటర్ దగ్గరే. రస్ట్‌డెస్క్‌ని ఊరికే తెరిచి వాడకుండా ఇన్‌స్టాల్ చేసెయ్యాలి, లేకపోతే విండోస్ అడ్మిన్ అనుమతి అడిగే పెట్టె రాగానే మన చేతులు కట్టేసినట్టే, అక్కడ ఎవరో ఒకరు వచ్చి నొక్కాలి. శాశ్వత పాస్‌వర్డ్ పెట్టాలి, స్లీప్ ఆపేయాలి. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కదా, అందుకని బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) కరెంటు తిరిగి రాగానే కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టాను. ఈ ఒక్క సెట్టింగ్ వల్ల నాన్నకు ఎన్ని ఫోన్లు తప్పాయో!

రోజువారీ వాడకంలో టాలీ హాయిగా నడుస్తుంది. ఎఫ్8 నొక్కి అమ్మకం బిల్లు తెరవడం, కంట్రోల్ ఏతో ఒప్పుకోవడం, అన్నీ కొట్టులో కూర్చుని చేసినట్టే. ప్రింట్ కొడితే కాగితం అక్కడి ప్రింటర్‌లోనే వస్తుంది, రైతు అక్కడే ఉంటాడు కాబట్టి మనకు కావలసిందీ అదే. మొదట్లో బాణం గుర్తు దానంతటదే కదులుతుంటే నాన్న ఫోన్ చేసి "ఏరా, నువ్వేనా?" అని అడిగేవారు. తెలుగు టైపింగ్‌కి ఒక చిట్కా: రస్ట్‌డెస్క్ కీబోర్డు మోడ్‌ని 'మ్యాప్'లో పెట్టి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డుని అవతలి కంప్యూటర్‌లో ఆన్ చేసి, మన దగ్గర ఇంగ్లిష్‌లోనే ఉంచండి. రైతుల పేర్లు ఒత్తులతో సహా సరిగ్గా పడతాయి. నెట్ నెమ్మదిస్తే బొమ్మ నాణ్యత తగ్గించుకోవచ్చు, అంకెలు చదవడానికి అది సరిపోతుంది.

భద్రత గురించి చెప్పకపోతే తప్పు. ఇలాంటి యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టించి, తొమ్మిది అంకెల కోడ్ అడిగి ఖాతాలు ఊడ్చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులను హెచ్చరించింది. సాఫ్ట్‌వేర్ మంచిదే, దాన్ని పెట్టించేవాడు ఎవడన్నదే ప్రశ్న. బ్యాంకు నుంచి అన్నా, కరెంటు ఆఫీసు నుంచి అన్నా, ఎవరు అడిగినా ఆ అంకెలు చెప్పొద్దని, ముందు నాకు ఫోన్ చేయమని నాన్నకు గట్టిగా చెప్పాను. మీ ఇంట్లో పెద్దవాళ్లకూ ఇన్‌స్టాల్ చేసిన రోజే చెప్పండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌నీ ఇలాగే నడపొచ్చు, యాక్సెసిబిలిటీ అనుమతి ఇస్తే. ఐఫోన్‌తో మాత్రం అటు కంప్యూటర్‌ని నడపగలం తప్ప, ఐఫోన్‌నే దూరం నుంచి నడపలేం. సర్వర్ గొడవ మనవల్ల కాదనుకుంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి, గూగుల్ ఖాతా, కనీసం ఆరంకెల పిన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు.